ముద్దాయి అనే మాట గురించి, తెలుగు సంపాదకులకు

తెలుగు దినపత్రికల సంపాదకులకు, వార్తా ఛానెళ్ల పెద్దలకు, మరీ ముఖ్యంగా రాత్రి పదకొండింటికి జిల్లా పేజీకి హెడ్డింగులు పెట్టే సబ్ ఎడిటర్లకు నమస్కారం.

నేను ముప్పై ఒక్క ఏళ్లు మేజిస్ట్రేటు కోర్టుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాపీయిస్టుగా చేరాను, బెంచి క్లర్కుగా దిగిపోయాను. ఇప్పుడు పొద్దున్నే కాఫీతో రెండు పేపర్లు చదవడం తప్ప వేరే పని లేదు. ఆ చదవడంలోనే ఈ ఉత్తరం పుట్టింది.

చాలా ఏళ్ల కిందట మా కోర్టుకి ఒక చెక్ బౌన్స్ కేసు మీద హైదరాబాద్ నుంచి పెద్ద వకీలుగారు వచ్చారు. పాతబస్తీ మనిషి, ఉర్దూలో పుట్టి పెరిగినవాడు, ఫిర్యాది తరఫున వచ్చాడు. మా అటెండరు అలవాటు చొప్పున వరండాలోకి వెళ్లి కేసు నంబరు చెప్పి, "ముద్దాయి హాజర్" అని కేకేశాడు. వకీలుగారు కోటు సర్దుకుని, తన ఫిర్యాదిని వెంటబెట్టుకుని ముందుకొచ్చి నిలబడ్డాడు. మేజిస్ట్రేటు గారు "మిమ్మల్ని కాదండీ, ముద్దాయిని పిలిచారు" అన్నారు. ఆయన "జీ హుజూర్, హమీ ముద్దయీ హై" అన్నాడు, మేమే ముద్దయీ అని. కోర్టు హాలంతా నవ్వు. బోనెక్కాల్సినవాడు వెనక బల్ల మీద కూర్చుని అందరికంటే ఎక్కువ నవ్వాడు.

మధ్యాహ్నం లంచి టైములో ఆ పెద్దాయన నా బల్ల దగ్గర కూర్చుని విషయం చెప్పాడు. ముద్దయీ అరబీ మాట. దావా వేసినవాడు, నాకు హక్కుందని వాదించేవాడు అని అర్థం. దావా, ముద్దయీ రెండూ ఒక్క ధాతువు పిల్లలే. ఎదుటివాడి పేరు ముద్దా అలైహ్, అంటే ఎవరి మీద దావా పడిందో ఆ మనిషి. హిందీ, ఉర్దూ వాళ్లు దాన్ని ముద్దాలేహ్ అంటారు. "ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్" అని వాళ్లకో సామెత. దావా వేసినవాడేమో నిద్రపోతుంటాడు, సాక్షేమో చొక్కా చేతులు మడుస్తుంటాడు. అంటే వింధ్య దాటి అటు వెళితే ముద్దయీ ఫిర్యాది. ఇటు మన గడప తొక్కేసరికి ముద్దాయి బోనులో నిలబడ్డవాడు. మాట అదే. మనిషి మాత్రం హాల్లో ఈ పక్క నుంచి ఆ పక్కకి మారిపోయాడు.

ఈ తిరకాసు ఎలా జరిగిందన్నది నా ఊహగా చెబుతాను, పండితులు దిద్దుదురు గాక. గోల్కొండ నవాబుల కాలం నుంచీ కచేరీ మాటలు మన ఊళ్లలోకి దిగాయి. ఉత్తర సర్కారులు 1766లో నిజాం నుంచి కంపెనీ చేతికి పోయినా ఆ మాటలు పోలేదు. 1802లో మద్రాసు రాజధానిలో జిల్లా అదాలతులు పెట్టినప్పుడు దొరలు అవే మాటలతో కాగితాలు నడిపారు. అయితే దావా వేసినవాడికి మనకి అప్పటికే వాది ఉన్నాడు. నేరం కేసుల్లో ఫిర్యాది వచ్చి కూర్చున్నాడు. పార్సీలో ఫర్యాద్ అంటే రక్షించమని పెట్టే కేక, కేకపెట్టినవాడు ఫిర్యాది. ఇక ముద్దయీకి కుర్చీ ఖాళీ లేదు. పక్కనే ముద్దాలేహ్ ఉన్నాడు, తెలుగు నోటికి పలకని పేరు. దగ్గర దగ్గర పేర్లవాళ్లు ఇద్దరుంటే ఒకరి ఉత్తరం ఇంకొకరికి అందినట్టు, ఎదుటివాడి పేరు కూడా ముద్దాయే అయిపోయింది.

మాటలు ఇలా దారి తప్పడం వింతేమీ కాదు. ఆసామి అనే మాట చూడండి. అరబీలో పేర్లు అని అర్థం, చిట్టాలో రాసుకున్న పేర్లు. కలకత్తా కోర్టులో ఆసామి అంటే నేరం మోపబడ్డవాడు. గోదావరి ఒడ్డున ఆసామి అంటే నలభై ఎకరాల మాగాణీ ఉన్నవాడు. ఖూనీ అంటే అసలు హంతకుడు. మనం దాన్ని హత్యకి పెట్టుకుని, హంతకుడికి మళ్లీ ఖూనీకోరు అని కుట్టించాం. రుజువు అంటే తిరిగి రావడం, మనకది సాక్ష్యంతో తేలడం. ఇలాంటివి చెప్పుకుంటూ పోతే పెన్షన్ రోజు వచ్చేస్తుంది.

మరి ముద్దాయి దగ్గరే ఎందుకు ఆగానంటే, ఆ వకీలుగారు టీ గ్లాసు కింద పెట్టి చెప్పిన ఇంకో మాట వల్ల. ఇస్లామీయ న్యాయంలో అందరికీ తెలిసిన సూత్రం ఒకటుందట. రుజువు చేసే బరువు ముద్దయీది, కాదన్నవాడు ప్రమాణం చేస్తే చాలు. నేను రోజూ బల్ల మీద పెట్టుకునే 1872 సాక్ష్య చట్టంలో నూట ఒకటో సెక్షనూ ఆ దారిదే. ఎవడు ఒక సంగతి ఉందంటాడో వాడే దాన్ని రుజువు చేయాలి. ఇప్పుడు కొత్త చట్టంలో నంబరు మారింది గానీ మాట మారలేదు. "మీ తెలుగువాళ్లు రుజువు చేయాల్సినవాడి పేరు తీసుకెళ్లి రుజువు అక్కర్లేనివాడికి పెట్టారు, ఎప్పుడో ఒకప్పుడు ఆ బరువు కూడా వాడి నెత్తినే పెడతారు" అని నవ్వాడాయన. నేనూ నవ్వాను. ఆ తర్వాత మీ పేపర్లు చదువుతుంటే నవ్వు తగ్గింది.

క్రైమ్ పేజీ భాష మీద నాకు ఒక రకం ప్రేమ కూడా ఉంది, దాచను. ఇంట్లో దూరినవాణ్ణి ఆగంతకుడు అంటారు, సంస్కృతంలో ఆగంతుకుడు అంటే కొత్తగా వచ్చినవాడు, అతిథి. పెళ్లాన్ని కొట్టినవాడు ప్రబుద్ధుడు, అంటే మేలుకొన్నవాడు, జ్ఞాని. గొప్ప ఇంటి పరువుకి చెప్పుకునే ఘరానా మనకి దొంగ పక్కన తప్ప కనబడదు. ఇందులో వెటకారముంది, వెటకారం మన హక్కు. కిరాతకుడు దగ్గర మాత్రం నాకు గొంతులో ముల్లు పడుతుంది. కిరాతులు అడవిలో బతికిన జనం. అర్జునుడికి పాశుపతం ఇవ్వడానికి శివుడు వేసుకున్న వేషం వాళ్లదే. ఊళ్లో ఎవడో గొంతు కోస్తే కొండల్లో ఉన్నవాళ్ల పేరెందుకు? ఆ మాట ఇప్పుడు ఎవరూ కులం అనుకుని వాడరన్నది నిజమే. అయినా పొద్దున్నే చదివినప్పుడల్లా నాకు ఆ వేషం గుర్తొస్తుంది.

అసలు సంగతికి వస్తాను. ఒక మనిషిని పోలీసులు పట్టుకున్న సాయంత్రం ప్రెస్ మీట్ ఉంటుంది. బల్ల మీద నగలు, సెల్‌ఫోన్లు, కొద్దిగా డబ్బు. వెనకాల ముసుగులు తొడిగిన ముగ్గురు. మర్నాడు మీ పేజీలో "దొంగల ముఠా ఆటకట్టు". లోపల "విచారణలో నేరం అంగీకరించారు" అని ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. అయ్యా, పోలీసు అధికారి ముందు చేసిన నేర అంగీకారం కోర్టులో అతని మీద రుజువుగా చెల్లదు. 1872 నుంచీ సాక్ష్య చట్టం ఇరవై అయిదో సెక్షను అదే చెబుతూ వచ్చింది, 2024 జూలై 1న వచ్చిన కొత్త చట్టమూ దాన్ని ఉంచింది. స్టేషన్లో మనిషి ఎందుకు ఒప్పుకుంటాడో దొరలకి కూడా తెలుసు గనకనే రాసుకున్నారు. అంగీకారాన్ని బట్టి ఒక వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత మేర ముక్క పనికొస్తుంది, అంతే. కోర్టు గుమ్మం దాటనివ్వని వాక్యాన్ని మీరు మొదటి పేరాలో కూర్చోబెడుతున్నారు. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, పోలీసులు పత్రికలకి కేసుల వివరాలు చెప్పే తీరు మీద మూడు నెలల్లో మార్గదర్శకాలు తయారు చేయమని కేంద్ర హోం శాఖని ఆదేశించింది. అవి పోలీసులకి. మీకు ఎవరు చెప్పాలి?

మా కోర్టులో ఒక కుర్రాడి కేసు నడిచింది. మోటారు వైండింగ్ షాపులో పనిచేసేవాడు, ఇరవై రెండేళ్లుంటాయి. గొలుసు లాగిన కేసులో ఏ2, అంటే రెండో ముద్దాయి. అతని ఫోటో వేసి "గొలుసు దొంగ అరెస్టు" అని జిల్లా పేజీలో రాశారు. ఏ పేపరో ఇప్పుడు అనవసరం, అందరూ ఒకేలా రాశారు. కేసు నాలుగేళ్లు నడిచింది. గుర్తింపు పరేడ్ జరగలేదు. గొలుసు పోయిన అమ్మ బోనెక్కి, బండి మీద వెనక కూర్చున్నవాడి మొహం చూడలేదని నిజాయితీగా చెప్పింది. కేసు కొట్టేశారు. ఆ రోజు కోర్టులో విలేకరి ఎవరూ లేరు.

నాలుగు రోజుల తర్వాత ఆ కుర్రాడి తల్లి తీర్పు నకలు కోసం వచ్చింది. చీర కొంగులో మడతపెట్టిన పేపరు ముక్క తీసి నా బల్ల మీద పరిచింది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి గానీ ఫోటో బాగానే ఉంది. "బాబూ, జడ్జిగారు కొట్టేశారు గదా, మరి పేపర్లో ఎప్పుడు కొట్టేస్తారు?" అని అడిగింది. కొట్టేయడం అంటే మన భాషలో దొంగతనం కూడా. ఆవిడ ఆ శ్లేష ఎరిగి అనలేదు. ఊళ్లో వాళ్లింటిని గొలుసోళ్ల ఇల్లు అంటున్నారట. కుర్రాడికి రెండు సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయట. నకలు ఎన్ని రోజుల్లో వస్తుందో చెప్పాను. ఇంకేం చెప్పగలను.

ఏ2 అన్నాను గనక ఇది కూడా. ఈ మధ్య టీవీ చర్చల్లో ఏ1, ఏ2 తిట్లయిపోయాయి. "నువ్వు ఏ1వి" అంటే అవతలాయన మైకు లాక్కుంటున్నాడు. అవి మా గుమస్తాల సౌకర్యం కోసం పెట్టుకున్న వరస నంబర్లు. సాక్షులకి పీడబ్ల్యూ1, పీడబ్ల్యూ2 అని, దొరికిన వస్తువులకి ఎంవో1, ఎంవో2 అని పెట్టినట్టే. ఏ1 ఎక్కువ దోషీ కాదు, ఏ5 తక్కువ దోషీ కాదు. ఏ1 నిర్దోషిగా పోయి ఏ4 జైలుకి పోయిన కేసులు నా చేతుల మీదుగానే నడిచాయి.

ఇప్పుడు నేను బెంచి క్లర్కుగా వేల సార్లు చూసిన ఒక నిమిషం గురించి చెబుతాను. మీలో చాలామంది చూసి ఉండరు, ఎందుకంటే అది వార్త కాదు. మేజిస్ట్రేటు గారు అభియోగం చదివి తెలుగులో వివరిస్తారు. "నీ మీద ఈ నేరం మోపారు. ఒప్పుకుంటావా?" అని అడుగుతారు. బోనులో ఉన్నవాడు చేతులు కట్టుకుని "ఒప్పుకోనండీ" అంటాడు. మేం డాకెట్టులో, అంటే కేసులో ఆ రోజు జరిగింది రాసే కాగితంలో, ఏం రాస్తామో తెలుసా? నేరం ఒప్పుకోలేదు, విచారణ కోరుకున్నాడు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 240లో ఉన్న మాట అదే, దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. చట్టం అతన్ని అడిగేది ఆ రెండే: ఒప్పుకుంటావా, విచారణ కోరతావా. కోరుకోవడం. తనకి రావలసింది తాను అడగడం. నన్ను విచారించండి, మీ సాక్షుల్ని నా ఎదుట నిలబెట్టండి, నా వకీలు వాళ్లని ప్రశ్నిస్తాడు, ఆ తర్వాత చెప్పండి నేనెవరో అని ఒక మనిషి రాజ్యాన్ని అడుగుతున్నాడు.

అది దావా. ఆ క్షణంలో ఆ మనిషి అచ్చంగా అరబీ అర్థంలో ముద్దయీ. వకీలుగారు మనం పేరు తారుమారు చేశామన్నారు గానీ, డాకెట్టు రాసి రాసి నాకు మన తెలుగువాళ్లు తెలిసో తెలియకో సరైన మాటే పెట్టారనిపించింది. ఆయన మళ్లీ వస్తే చెబుదామనుకున్నాను, ఆ కేసు రాజీ అయిపోయింది.

అందుకే నాకు నిందితుడు కంటే ముద్దాయి మంచి మాటగా తోస్తుంది. నిందితుడు తప్పు మాటని అనను. నింద పడ్డవాడు అనే దాని అర్థం, నింద నిజమైనవాడు అని కాదు. ఆ తేడా తెలియని తెలుగువాడు ఉండకూడదు, ఎందుకంటే ఏటా వినాయక చవితి నాడు నెత్తిన అక్షతలు వేసుకునేదే నీలాపనింద తగలకూడదని. శమంతకమణి పోయింది, ప్రసేనుడు తిరిగి రాలేదు, కృష్ణుడే చంపి కాజేశాడని సత్రాజిత్తు పుకారు పుట్టించాడు. ద్వారకంతా నమ్మింది. కృష్ణుడంతటివాడు అడవికి పోయి శవం వెతికి, సింహం అడుగులు చూసి, ఎలుగుబంటి గుహలో దూరి, జాంబవంతుడితో ఇరవై ఎనిమిది రోజులు పోరాడి మణి తెస్తే తప్ప మాట పోలేదు. దేవుడు గనక సరిపోయింది. మా వైండింగ్ షాపు కుర్రాడు ఏ గుహలో దూరాలి?

అసలు చిక్కు నిందితుడు అనే మాటలో లేదు, మీరు దాన్ని వాడే తీరులో ఉంది. హెడ్డింగులో దొంగ, మొదటి వాక్యంలో కేటుగాడు, మూడో పేరాలో జాగ్రత్తకి నిందితుడు. చదివేవాడు మూడో పేరా దాకా రాడని నాకంటే మీకే బాగా తెలుసు.

ఒక్క మనిషికి తగిలిన మాట ఊరు మొత్తానికి తగిలితే ఏమవుతుందో మన బాపట్ల దగ్గరే ఉంది. 1871లో బ్రిటిషువాళ్లు నేరస్థ తెగల చట్టం చేశారు, 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి వచ్చింది. ఎరుకలవాళ్లని పుట్టుకతోనే నేరస్థుల చిట్టాలో రాసి, హాజరు వేయించుకుని, సాల్వేషన్ ఆర్మీ నడిపే సెటిల్‌మెంటులో పెట్టారు. దానికి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉన్న హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టారు, స్టువర్టుపురం. చట్టాన్ని 1952 ఆగస్టు 31న దేశమంతటా ఎత్తేశారు. చట్టం పోయింది, మాట మిగిలింది. ఎక్కడో రైల్లో దొంగతనం జరిగితే "ఇది స్టువర్టుపురం పనే" అని రాసిన పేపర్లు నా చిన్నప్పటి నుంచీ చదివాను. ఆ ఊరి పిల్లలు చదువుకుని ఉద్యోగాలకి వెళ్లినచోట ఊరి పేరు చెప్పడానికి ఎందుకు తడబడతారో ఆలోచించండి. ఒక దొర ఇంటిపేరు తెలుగులో దొంగకి పర్యాయపదం అయిందంటే, ఆ నిఘంటువు రాసింది పోలీసులు ఒక్కరే కాదు.

జైళ్ల లెక్క కూడా ఒకటి చూడండి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి డెబ్భై అయిదు మంది పైమాటే. జాతీయ నేర గణాంకాల సంస్థ వేసిన లెక్క ఇది. జైల్లో ఉన్నాడు గనక నేరస్థుడు అని మనం అనుకునే నలుగురిలో ముగ్గురి కేసు ఇంకా తేలలేదన్న మాట.

నేను మీ మీద కేసు వేయడం లేదు. అడిగేది కొద్దిగానే. ఎఫ్ఐఆర్ దశలో ఉన్నవాణ్ణి నిందితుడు అనండి, హెడ్డింగులో కూడా. కేసు కోర్టుకొచ్చాక ముద్దాయి అనండి, పాత మాటని కొంచెం గౌరవంగా వాడండి. తీర్పు వచ్చి శిక్ష పడ్డాక దోషి, నేరస్థుడు, మీ ఇష్టం, అప్పుడు ప్రబుద్ధుడు అన్నా నేను కాఫీ తాగుతూ నవ్వుకుంటాను. "నేరం అంగీకరించాడు" అని రాయాల్సి వస్తే "అని పోలీసులు చెప్పారు" అని అదే వాక్యంలో, అదే సైజు అక్షరాల్లో చేర్చండి. ఢిల్లీలో కొన్నేళ్ల కిందట ఎఫ్ఐఆర్‌లలో ఉర్దూ, పార్సీ మాటలు జనానికి అర్థం కావడం లేదని హైకోర్టు దాకా గొడవ వెళ్లింది. మనకి ఆ బాధ లేదు. ముద్దాయి, ఫిర్యాదు, జామీను మా అటెండరుకీ తెలుసు, పొలం గట్టు కేసులో వచ్చే రైతుకీ తెలుసు. వాటిని తీసేయమని అనేవాళ్లు ఎవరైనా వస్తే నన్ను పిలవండి, వచ్చి పోట్లాడతాను.

చివరిది కాస్త కష్టం. మీరు అరెస్టు వార్త వేసిన ప్రతి కేసూ ఏమైందో చూసే మనిషి ఒకరు మీ జిల్లా ఆఫీసులో ఉండాలి. ఇదివరకు దీనికి కోర్టు చుట్టూ తిరగాలి, మా బోటివాళ్లకి టీ పోయించాలి. ఇప్పుడు ఈ-కోర్ట్స్ సైటులో ఒక్కో కేసుకి ఉండే సీఎన్ఆర్ నంబరు, అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు, కొడితే వాయిదాలు, తీర్పు కనబడతాయి. అరెస్టు ఫోటో ఏ పేజీలో వేశారో, కొట్టేసిన వార్త అదే పేజీలో అంతే జాగాలో వేయండి. ఇంటర్నెట్లో ఉన్న పాత వార్త కింద కూడా ఒక వాక్యం చేర్చండి. పేరు కొట్టి చూసే పెళ్లివాళ్లకి, ఉద్యోగం ఇచ్చేవాళ్లకి మొదట కనబడేది అదే.

మొదలుపెట్టడానికి ఒక కేసు కావాలంటే ఆ వైండింగ్ షాపు కుర్రాడి కేసు నంబరు, తీర్పు తేదీ నా డైరీలో ఉన్నాయి. వాళ్లమ్మని అడిగి, ఆవిడ సరేనంటే పంపిస్తాను.

ఇట్లు,
రిటైర్డ్ బెంచి క్లర్కు ఒకడు